ఏడిపించే పాట మళ్లీ మళ్లీ ఎందుకు వింటాం? విన్నాక ‘నాదీ ఇదే కథ’ అని చెప్పుకుంటే ఏమవుతుంది?

పంటి నొప్పితో ఉన్నవాళ్లు పంటి నొప్పి మీద తీసిన సినిమా వెతుక్కోరు. ప్రేమ చెదిరినవాళ్లు మాత్రం ప్రేమ చెదిరిన పాటే వెతుక్కుంటారు. ఒకసారి విని ఆగరు, రాత్రంతా అదే పాట తిప్పి తిప్పి వింటారు. తర్వాత అందులో రెండు లైన్లు తీసి స్టేటస్‌లో పెడతారు. ‘ఇది నాకోసమే రాసినట్టుంది’ అంటారు. ముక్కూ మొహం తెలియని మనిషి ఎక్కడి నుంచో ‘నాదీ ఇదే కథ అన్నా’ అని జవాబిస్తాడు. ఆ ఒక్క మాటకి కళ్లు మళ్లీ తడుస్తాయి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇదంతా టెన్షన్. ‘ఆ ఏడుపు పాటలు ఆపు, ఇంకా కుంగిపోతావు’ అంటారు. వినేవాళ్లేమో ‘వింటేనే కాస్త తేలిగ్గా ఉంది’ అంటారు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. అయితే ఏ మాట ఎవరి విషయంలో, ఏ దశలో నిజమవుతుందో తెలియాలంటే ఇందులో కలిసిపోయిన నాలుగైదు విషయాలను విడదీసి చూడాలి.

ఇది కుర్రకారు గోల అని తోసేయడానికి వీల్లేని సమయం కూడా వచ్చింది. ఒంటరితనం కోసం బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో మంత్రులకే బాధ్యత అప్పగించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన కమిషన్ 2025 జూన్ 30న నివేదిక ఇస్తూ, ప్రపంచంలో ప్రతి 6గురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది. 13 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువాళ్లలో 17 నుంచి 21 శాతం మంది ఒంటరిగా ఉన్నామన్నారు. అందులోనూ టీనేజర్లే ఎక్కువ. ఈ పాటలు ఎక్కువగా వినేదీ ఆ వయసులోనే కదా.

ఒంటరితనం, ఏకాంతం, విరహం, శోకం: మాటల మధ్య తేడా

తెలుగులో ఒంటరితనం వేరు, ఏకాంతం వేరు. ఏకాంతం మనం కోరుకునేది, ఒంటరితనం మన మీద పడేది. పరిశోధకులు ఒంటరితనాన్ని నిర్వచించేదీ దాదాపు ఇలాగే. మనకు ఎలాంటి బంధాలు కావాలో, నిజంగా ఎలాంటివి ఉన్నాయో, ఆ రెంటి మధ్య ఖాళీ వల్ల కలిగే బాధే ఒంటరితనం. చుట్టూ ఎంతమంది ఉన్నారన్న లెక్కతో దానికి నేరుగా సంబంధం లేదు. అమీర్‌పేట హాస్టల్ గదిలో నలుగురి మధ్య పడుకున్న కుర్రాడు ఒంటరివాడు కావచ్చు. ఊళ్లో ఒక్కతే ఉంటూ, పొద్దున్నే పక్కింటావిడతో కాఫీ తాగి, సాయంత్రం అరుగు మీద నలుగురితో మాట్లాడే పెద్దావిడ ఒంటరి కాకపోవచ్చు.

విరహానికీ శోకానికీ మధ్య గీత ఇంకా పాతది. భరతుడి నాట్యశాస్త్రం వాటిని వేర్వేరుగా చూసింది. విరహంలో అపేక్ష ఉంటుంది, అంటే తిరిగి కలుస్తామన్న ఆశ. కరుణంలో ఆ ఆశ తెగిపోతుంది. అందుకే విరహం శృంగారంలో భాగమైంది, శోకం కరుణ రసానికి మూలమైంది. క్షేత్రయ్య పదాల్లో నాయిక ఎంత వేగిపోయినా అది శృంగారమే, ఎందుకంటే మువ్వగోపాలుడు రావచ్చు.

మరి ఇవాళ్టి బ్రేకప్ ఎందులోకి వస్తుంది? మనిషి బతికే ఉంది. నిన్న రాత్రి 11.40కి ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కూడా కనిపిస్తోంది. కానీ తిరిగి రాదు. ఆశ పూర్తిగా తెగలేదు, అలాగని నిలబడనూ లేదు. అమెరికన్ పరిశోధకురాలు పాలీన్ బాస్ ఇలాంటి స్థితికి ‘అస్పష్టమైన నష్టం’ అని పేరు పెట్టారు. తప్పిపోయిన సైనికుల కుటుంబాలను గమనిస్తూ ఆమె ఆ ఆలోచనకు వచ్చారు. చావు జరిగితే పదకొండో రోజు, పన్నెండో రోజు ఉంటాయి, బంధువులు వస్తారు, ఏడవడానికి ఒక చోటు, ఒక గడువు ఉంటాయి. బ్రేకప్‌కు అవేవీ లేవు. మర్నాడు కాలేజీకో ఆఫీసుకో మామూలుగా వెళ్లాల్సిందే. ఏ తంతూ లేని ఆ ఖాళీలోకే పాట వస్తుందని నా నమ్మకం.

దుఃఖం పాటలో ఎక్కడ ఉంటుంది

మాటలు అర్థం కాని పాట కూడా ఒక్కోసారి గుండె పిండుతుంది. కారణం గొంతులో ఉంది. దిగులుగా ఉన్న మనిషి మెల్లగా మాట్లాడతాడు. స్థాయి తగ్గుతుంది, స్వరం పెద్దగా ఎగరదు, దిగదు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వినిపిస్తుంది. విషాద గీతం కట్టే తీరూ ఇదే: నెమ్మది నడక, మంద్రంలో మొదలు, ఒక స్వరం నుంచి పక్క స్వరానికి జారుడు. పాటలోని దుఃఖానికీ మాటలోని దుఃఖానికీ గుర్తులు చాలావరకు ఒకటేనని స్వీడన్‌కు చెందిన పాట్రిక్ జుస్లిన్ బృందం చూపించింది. 1999లో బాల్క్‌విల్, థాంప్సన్ అనే పరిశోధకులు, హిందుస్తానీ రాగాలు ఎప్పుడూ విననివాళ్లకు కొన్ని రాగాలు వినిపించి ఏ భావం తోస్తోందని అడిగారు. సంతోషం, దుఃఖం, కోపం వాళ్లు గుర్తుపట్టారు. శాంతం దగ్గర తడబడ్డారు.

మనకు దీని మీద అలవాటు కూడా తోడవుతుంది. ముఖారి అనగానే కరుణ, శివరంజని అనగానే బాధ అని చిన్నప్పటి నుంచి విన్న సినిమా పాటలు మనకు నేర్పేశాయి. ఇక సాహిత్యం దగ్గర ఒక చిన్న కిటుకు ఉంది. ఇలాంటి పాటల్లో పేరు దాదాపు ఉండదు, ‘నువ్వు’ అనే ఉంటుంది. ఊరు ఉండదు, ‘ఆ దారి’ ఉంటుంది. వినేవాడు తన మనిషినీ తన దారినీ అందులో పెట్టుకోవడానికి వీలుగా చోటు ఖాళీగా ఉంటుంది. ‘నాకోసమే రాశారు’ అనిపించేది అందుకే.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పాటలో దుఃఖం ఉందని గుర్తించడం ఒకటి, మనకు దుఃఖం కలగడం ఇంకొకటి. అంట్లు తోముతూ విషాద గీతం కూనిరాగం తీసే మనిషి ఏడవడం లేదు. ఈ రెంటినీ కలిపేస్తే ‘విషాద గీతాలు విషాదం పెంచుతాయి’ అనే తొందరపాటు మాట వచ్చేస్తుంది.

బాధలో హాయి ఉంటుందా? వెయ్యేళ్లుగా నడుస్తున్న వాదం

ఈ ప్రశ్న మన అలంకారికులను, అంటే కావ్యం ఎలా పనిచేస్తుందో చర్చించిన పాత పండితులను, బాగా వేధించింది. 14వ శతాబ్దంలో సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథుడి వాదన సూటిగా ఉంటుంది. కరుణ రసం నిజంగా బాధే ఇస్తే దాని దగ్గరికి ఎవరూ వెళ్లరు, కానీ వెళ్తున్నారు, కాబట్టి అందులో సుఖమే ఉంది, సహృదయుల అనుభవమే దానికి సాక్ష్యం అన్నాడు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే గుజరాత్ ప్రాంతపు జైన పండితులు రామచంద్రుడు, గుణచంద్రుడు తమ నాట్యదర్పణంలో దీనికి ఎదురు మాట చెప్పి ఉన్నారు. రసం సుఖమూ కావచ్చు, దుఃఖమూ కావచ్చు, కరుణ చూసేవాడికి కలిగేది నిజమైన దుఃఖమేనని వాళ్ల మాట. మనిషి అక్కడికి వెళ్లేది కవి, నటుల నైపుణ్యం కోసమన్నారు.

ఈ రెండు వాదాల మధ్య నాకు బాగా నచ్చేది ఇంకో పాత అలంకారికుడు భట్టనాయకుడి ఆలోచన, సాధారణీకరణం. నాటకంలో దుఃఖం రాముడిదీ కాదు, నాదీ కాదు, పక్కవాడిదీ కాదు. ఎవరి సొంతమూ కాని దుఃఖంగా మారడం వల్లనే దాన్ని ఆస్వాదించగలుగుతాం. నా బ్రేకప్ నన్ను కాలుస్తుంది. అదే పాటలోకి వెళ్లాక అది ‘మనుషులకు జరిగేది’ అవుతుంది.

ఇప్పటి పరిశోధన కూడా ఆ దారిలోనే కొంత దూరం నడిచింది. 2014లో లీలా తరుఫీ, స్టెఫాన్ కోల్ష్ 772 మందిని విషాద సంగీతం గురించి అడిగారు. అందరికంటే ఎక్కువమంది చెప్పిన భావం దుఃఖం కాదు, పాత రోజుల మీద బెంగ, అంటే నాస్టాల్జియా. ఓదార్పు, ప్రశాంతత కూడా వినిపించాయి. వూస్కోస్కి, ఈరోలా అనే పరిశోధకులు ఇంకో ముడి విప్పారు. విషాద సంగీతంలో హాయి నేరుగా దుఃఖం నుంచి రావడం లేదు, మనసు కదలడం నుంచి వస్తోంది. ఇతరుల బాధ త్వరగా పట్టించుకునే స్వభావం ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ.

హార్మోన్ల కథ మాత్రం ఇంకా తేలలేదు. నిజమైన నష్టం జరిగిందనుకుని శరీరం ఓదార్పుగా ప్రొలాక్టిన్ విడుదల చేస్తుందేమో, నష్టం లేదు కాబట్టి హాయి మాత్రమే మిగులుతుందేమో అని డేవిడ్ హ్యురాన్ 2011లో ఊహించారు. వినడానికి అందంగా ఉన్న ఊహే. తర్వాత చేసిన కొలతలు దానికి మద్దతు ఇవ్వలేదు. ‘విషాద గీతం వింటే ఫలానా హార్మోన్ పెరుగుతుంది’ అని ఫోన్‌లో ఏదైనా కనిపిస్తే కాస్త ఆగి చదవడం మంచిది.

ఒకే పాట, ముగ్గురు శ్రోతలు

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒకే విరహ గీతం, ఒకే రాత్రి, ముగ్గురు వింటున్నారు.

మొదటి మనిషి హైదరాబాద్ హాస్టల్లో ఉన్న కుర్రాడు. విడిపోయి మూడు వారాలైంది. అతనికి ఆ పాట ఇంకా పాట కాలేదు, తన గాయమే. ప్రతి లైనుకీ ఒక నిజమైన చాట్ గుర్తొస్తుంది. భట్టనాయకుడు చెప్పిన దూరం అతనికి ఇంకా దొరకలేదు.

రెండో మనిషి డల్లాస్‌లో ఉంటున్న నలభై ఏళ్ల ఆవిడ. ఆమెకు ఏ ప్రేమా విఫలం కాలేదు. కానీ ఆ పాట ఆమె డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ బస్సులో రోజూ మోగేది. కళ్లు చెమర్చింది కిటికీ పక్క సీటు కోసం, ఇప్పుడు లేని నాన్న కోసం, బస్సు దిగగానే వచ్చే మిర్చి బజ్జీల వాసన కోసం.

మూడో మనిషి భార్య పోయి రెండేళ్లయిన రిటైర్డ్ మాస్టారు. పాటలోది విరహం, ఆయనది శోకం. ఆశ ఉన్న పాట వింటూ ఆశ లేని బాధను పడుతున్నాడు. అయినా విన్న తర్వాత నిద్ర పట్టింది.

ఈ ముగ్గురూ ఆ రాత్రి ఒకే మాట చెప్పవచ్చు, ‘ఈ పాట వింటే ఏడుపు ఆగదు’ అని. మాట ఒకటే, కింద ఉన్న బాధలు మూడు. కేవలం ఆ వాక్యం చూసి వాళ్లకు మేలు జరుగుతోందో కీడు జరుగుతోందో ఎవరూ చెప్పలేరు.

‘నాదీ ఇదే’ అన్న మాట చేసే పని, చేయలేని పని

ఇక అసలు ముడి. పాట వినడం దగ్గర ఆగకుండా చెప్పుకుంటాం కూడా. ఇది ఫోన్లతో వచ్చిన అలవాటు కాదు. ఎవరైనా పోతే మన ఊళ్లలో ఆడవాళ్లు ‘రాగాలు తీసి’ ఏడ్చేవారు. ఆ మాటలోనే పాట ఉంది చూడండి. ఒకావిడ మొదలుపెడితే ఇరుగుపొరుగు ఆడవాళ్లు పక్కన కూర్చుని గొంతు కలిపేవారు, అందులో తమ పాత చావులను కూడా ఏడ్చేవారు. అప్పగింతల పాట మొదలవగానే పందిట్లో ఎవరి కూతురు వాళ్లకు గుర్తొచ్చేది. రేడియో రోజుల్లో అది పోస్టుకార్డు ఎక్కింది. ఇప్పటి జార్ఖండ్‌లోని ఝుమ్రీ తిలైయా అనే చిన్న ఊరు పాటల కోసం రాసే ఉత్తరాలతోనే దేశమంతా తెలిసిపోయింది. ఆ కార్డుల్లో ఉన్నది పాట పేరూ, కొన్ని మనుషుల పేర్లూ. ‘మేము ఇక్కడ ఉన్నాం, మాకూ ఇదే పాట కావాలి’ అనే మాటే కదా అది.

బెల్జియం మనస్తత్వవేత్త బెర్నార్ రిమే దీని మీదే జీవితకాలం పనిచేశారు. మనసును బలంగా కదిలించిన సంఘటనల్లో సుమారు 80 నుంచి 95 శాతం మనం ఎవరో ఒకరితో చెప్పుకుంటామని ఆయన తేల్చారు. అందరం అనుకునే మాటను కూడా ఆయన పరీక్షించారు. చెప్పుకుంటే బాధ తగ్గుతుందా? చెప్పుకున్నవాళ్లు మేలు జరిగిందంటారు. కానీ ఆ సంఘటన తలచుకున్నప్పుడు కలిగే బాధను కొలిస్తే, కేవలం చెప్పుకోవడం వల్ల అది తగ్గలేదు.

మరి మేలు జరిగిందని ఎందుకన్నారు? 2012లో ఫ్రెడరిక్ నిల్స్‌తో కలిసి చేసిన ప్రయోగం దీనికి జవాబిస్తుంది. కలవరపెట్టే సినిమా దృశ్యం చూసినవాళ్లు దాని గురించి ఇంకొకరితో మాట్లాడారు. కొందరికి ఎదుటివాళ్లు ‘అవును, ఎవరికైనా అలాగే ఉంటుంది’ అని ఓదార్పుగా స్పందించారు. ఇంకొందరికి ఆ విషయాన్ని వేరే వైపు నుంచి చూసేలా జవాబిచ్చారు. ఓదార్పు దొరికినవాళ్లకు ఒంటరితనం తగ్గింది, ఎదుటి మనిషి దగ్గరయ్యాడు. కలత మాత్రం అలాగే ఉంది. కలత తగ్గింది రెండో జట్టులో.

ఈ చర్చ మొత్తానికి తాళం చెవి ఇదేనని నేను అనుకుంటున్నాను. ‘నాదీ ఇదే కథ అన్నా’ అన్న జవాబు ఒంటరితనానికి మందు, ప్రేమ పోయిన బాధకు కాదు. అవి రెండు వేర్వేరు నొప్పులు. రాత్రి రెండింటికి రెండూ కలిసి ఒకటే అనిపిస్తాయి, అందుకే ఒకటి తగ్గగానే ‘తేలిగ్గా ఉంది’ అంటాం. అది అబద్ధం కాదు. మర్నాడు పొద్దున రెండో నొప్పి అక్కడే ఉంటుంది, అదీ అబద్ధం కాదు.

మన హాస్టల్ కుర్రాడి దగ్గరికి వద్దాం. స్టేటస్ పెట్టాడు. ఒకడు ‘సేమ్ రా’ అన్నాడు. ఇంకొకడు ‘వదిలెయ్ రా, ఇంకో పది మంది దొరుకుతారు’ అన్నాడు. ఈ రెండో జవాబు వేరే వైపు నుంచి చూపించేదే, కానీ మూడో వారంలో అది తలుపు మూసేసినట్టు వినిపిస్తుంది. దెబ్బ తగిలిన కొత్తలో మనిషి కోరేది ఓదార్పే, కొత్త కోణం కాదని రిమే కూడా అంటారు. మూడోవాడు ఫోన్ చేశాడు. ‘తిన్నావా?’ అని అడిగాడు. ఇరవై నిమిషాలు విన్నాడు. తర్వాత తన సంగతి చెప్పాడు: ‘నాకూ మొదటి ఆరు నెలలు ఇంతే రా. తర్వాత తెలిసింది, నేను ఏడ్చింది సగం తన కోసం, సగం నన్ను ఒకరు వద్దనుకున్నారన్న దానికోసం అని’. ముందు తోడు, తర్వాత కొత్త చూపు. ఆ వరుసలో దొరికితే రెండు నొప్పులకూ చోటు దొరికినట్టే.

పెద్దవాళ్ల భయంలో నిజం ఎంత

2015లో వచ్చిన ఒక అధ్యయనంలో డిప్రెషన్ ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువగా విషాద సంగీతాన్నే ఎంచుకున్నారు. తమ బాధను తామే పెంచుకుంటున్నారని చాలామంది అర్థం చేసుకున్నారు. 2020లో ఇంకో బృందం ఒక అడుగు ముందుకు వేసి, ఎందుకు ఎంచుకున్నారని అడిగింది. ప్రశాంతంగా ఉంటుంది కాబట్టి అన్నది ఎక్కువగా వచ్చిన జవాబు. అలసిన మనసుకు హుషారు పాట మోత. నెమ్మది పాట తన వేగంతో నడిచే మనిషి లాంటిది. కాబట్టి వాళ్ల ఎంపికను తప్పుపట్టడానికి లేదు.

అయితే గుంపుగా చెప్పుకోవడం దగ్గర జాగ్రత్త అవసరమే. ఒకే బాధను ఇద్దరు స్నేహితులు పదే పదే తవ్వుకోవడం గురించి అమాండా రోజ్ 2002లో రాశారు. స్నేహం గట్టిపడుతుంది, దిగులూ పెరుగుతుంది, రెండూ ఒకేసారి. 2017లో సాండ్రా గరీడో బృందం సరిగ్గా మన విషయాన్నే తీసుకుని, కలిసి విషాద సంగీతం వింటూ బాధలు మాట్లాడుకునేవాళ్లను పరిశీలించింది. కొందరికి అది నిజంగా ఆసరా అయింది. డిప్రెషన్ వైపు మొగ్గు ఉన్నవాళ్లకు, ముఖ్యంగా చిన్న వయసువాళ్లకు, విన్నాక మనసు ఇంకా బరువెక్కింది.

యాప్‌ల పాత్ర కూడా ఇక్కడే. కుర్రాడు సోమవారం రాత్రి మూడు లవ్ ఫెయిల్యూర్ పాటలు పూర్తిగా విన్నాడనుకోండి. మధ్యలో ఆపలేదన్నదే యాప్‌కు తెలిసిన సంగతి. మంగళవారం అలాంటివే ముందుకు తెస్తుంది, అతను వాటినీ వింటాడు. ఓదార్పు పొందుతున్నాడో మునిగిపోతున్నాడో యాప్‌కు కనిపించదు. పక్కన కూర్చుని గొంతు కలిపిన ఆడవాళ్లకు కనిపించేది. వాళ్లే కాసేపటికి ‘ఇక లేమ్మా, రెండు ముద్దలు తిను’ అని లేపేవాళ్లు.

ఇంకో చిక్కు గురించి మనం తక్కువ మాట్లాడతాం. 1953లో వచ్చిన సినిమా తర్వాత ‘దేవదాసు’ తెలుగులో మామూలు మాట అయిపోయింది: ‘వాడు దేవదాసు అయిపోయాడు’ అంటాం. దానికి జతగా ఆడపిల్లకు అలాంటి మాటే లేదు. మన ప్రేమ విఫల గీతాల్లో ఎక్కువ మగ గొంతే. మగవాడు పదిమందిలో ఏడవడానికి దొరికిన చోటు అదొక్కటే కావడం ఒక మేలు, నేను దాన్ని తక్కువ చేయను. కానీ పాట ఒక వైపు కథే చెబుతుంది. పాట కింద కామెంట్లలో చేరే మాటలు ‘నాదీ ఇదే’ నుంచి ‘అమ్మాయిలంతా ఇంతే’కు జారడానికి ఎంతో సేపు పట్టదు. అక్కడ దుఃఖం ద్వేషంగా మారుతుంది. ద్వేషంలో తోడు దొరుకుతుంది కానీ గాయం మానదు.

నిద్ర, తిండి పోయి, బతకాలని లేదన్న ఆలోచన దాకా వస్తే అది పాటలతో తేలే విషయం కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా మాట్లాడుతుంది, తెలుగులో కూడా.

మాట మారిందా లేదా

బాధ గురించి రాయడం మీద జేమ్స్ పెన్నీబేకర్ 1986 నుంచి చేసిన ప్రయోగాల్లో నాకు ఎప్పుడూ గుర్తుండిపోయే సంగతి ఒకటుంది. రాసిన రోజున మనసు ఇంకా బరువెక్కేది, మేలు వారాల తర్వాత కనిపించేది. ఆ మేలు ఎవరికి ఎక్కువగా జరిగిందో చూస్తే, రోజులు గడిచేకొద్దీ వాళ్ల రాతలో ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు అర్థమైంది’ లాంటి మాటలు పెరిగాయి. మొదటి రోజు రాసిందే చివరి రోజూ రాసినవాళ్లకు అంత మేలు జరగలేదు.

హాస్టల్ కుర్రాడు మూడో వారంలో ఆ పాటకు రాసుకున్న మాట, ‘ఎందుకిలా చేశావ్’. ఆరో వారంలోనూ అదే మాట. ఫోన్ చేసిన ఆ స్నేహితుడు ఈ మధ్యలో రెండుసార్లు ఇంటికి తీసుకెళ్లాడు, ఒకసారి ఊరికే బస్టాండ్ దాకా నడిచారు. పదకొండో వారంలో అదే పాట మళ్లీ పెట్టాడు. ఈసారి రాసింది వేరు: ‘ఫస్ట్ టైమ్ ఈ పాట విన్నది మా ఊరి బస్సులో. అప్పుడు తనెవరో కూడా నాకు తెలియదు.’